మోరీ పనికి పిలుపులు

రిటైరైన టీచరుకు ఎవరో ఒకరు ఏదో ఒక పదవి అంటగడతారు. నాకు మా గల్లీ కమిటీ సెక్రటరీ పదవి అంటగట్టారు. ఏళ్ళ తరబడి కేసముద్రం బడిలో పిల్లలకు సోషల్ చెప్పి, రోజూ రైల్లో పోయి వచ్చి, చివరికి హనుమకొండలో ఇల్లు కట్టుకుని కూర్చున్నదాన్ని. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అది నిజమే కాబట్టి పదవి వద్దనలేదు.

మా గల్లీ ఏటవాలుగా ఉంటుంది. పై కొసన మెయిన్ రోడ్డు, కింది కొసన పెద్ద నాలా. గల్లీ పొడుగునా ఒక పక్క మురుగునీళ్ళు పోయే మోరీ. ఆ మోరీ మీద ఎవరింటి ముందు వాళ్ళు బండి ఎక్కించడానికి ర్యాంపులు, మెట్లు, బండలు వేసుకున్నారు. కప్పేసిన మోరీలో చెత్త ఎవరు తీస్తారు, ఎట్లా తీస్తారు? గట్టివాన పడితే నీళ్ళు మోరీలో పట్టక పైకెక్కి, రోడ్డు మీదుగా కింది కొసకు పరుగెత్తేవి. ఆ కింది కొసన రేకుల గదిలో మా ఇస్త్రీ అక్క ఉంటుంది.

ఆమె నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. అయినా గల్లీ అందరికీ ఇస్త్రీ అక్కే, నాకూ అంతే. భర్త లారీ మీద పోతే వారానికి ఒకసారి ముఖం చూపిస్తాడు. ఇంట్లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డ అత్త. కిందటేడు వానకు గదిలోకి నీళ్ళు వచ్చి మంచం పట్టెలు మునిగాయి. ఇస్త్రీ అక్క అత్తను ఎత్తి ఇస్త్రీ టేబుల్ మీద పడుకోబెట్టి, దొర్లి పడకుండా పట్టుకుని, మోకాలిలోతు నీళ్ళలో మధ్యాహ్నమంతా నిలబడింది. ఇది మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. అదీ బట్టలు ఎందుకు రాలేదని మేం అడిగితే చెప్పింది.

ఎండాకాలం చివర్లో ఒక రోజు బట్టల మూట కోసం వచ్చి, మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుంది. ఆ గద్దె నేను రిటైరైన ఏడు ముచ్చటపడి కట్టించింది. నల్ల గ్రానైటు. సాయంత్రం అయితే ఆడవాళ్ళందరం అక్కడే చేరతాం.

"టీచరమ్మా, ఈ ఏడు మల్ల నీళ్లొస్తే ముసల్దాన్ని యాడ వెట్టుకోవాలె? మిరుగు లోపట ఏమన్న జెయ్యున్రి," అంది.

మిరుగు, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తెకు ఇంకా మూడు వారాలే ఉంది. నేను మున్సిపల్ ఆఫీసుకు పోయి అడిగాను. మోరీ మీది బండలు మీరు తీయించుకుంటే, పూడిక తీయడానికి మిషన్ పంపుతామన్నారు. సబబుగానే ఉంది. ఎవరింటి ముందు బండ వాళ్ళు తీయాలి, అంతే. ఆ అంతే అన్న దగ్గరే కథంతా ఉందని నాకప్పుడు తెలియదు.

అంతకు ముందు నెలలోనే కమిటీల వాళ్ళకు ఒక రోజు ట్రైనింగు పెట్టారు. ఏ పని మొదలుపెట్టినా ముందు స్టేక్‌హోల్డర్లను గుర్తించండి, వాళ్ళను కలుపుకుని పొండి అని చెప్పి, చార్టు మీద గుండ్రాలు గీసి చూపించారు. చార్టులంటే నాకు చెప్పాలా. రంగు పెన్నులు తెచ్చి నేనూ గీశాను. ఇళ్ళ ఓనర్లు ఒక గుండ్రం, కమిటీ సభ్యులు ఒకటి, ఆఫీసు ఒకటి, లీడర్లు ఒకటి. "మోరీని ఆక్రమించిన కట్టడములను యజమానులు స్వచ్ఛందంగా తొలగించవలెను" అని నోటీసు రాసి, జిరాక్సు తీయించి, ఇంటింటికీ పంచి, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. మీటింగు ఆదివారం పొద్దున పది గంటలకు.

తొమ్మిది మంది వచ్చారు. అందులో ఆరుగురు గల్లీ పై కొసవాళ్ళు, వాననీళ్ళు ఎప్పుడూ వాళ్ళ గడప దగ్గరికి రావు. అందరూ బాగా మాట్లాడారు. పక్కింటివాడు తీస్తే నేను తీస్తానని ప్రతి ఒక్కరూ అన్నారు. టీ తాగి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ గల్లీ బాగుపడదని మా ఆయన మీద అరిచాను, ఆయనేదో గల్లీకి పెత్తందారు అయినట్టు.

మర్నాడు ఇస్త్రీ అక్క బట్టలు తెచ్చినప్పుడు చార్టు టేబుల్ మీదే పరిచి ఉంది. ఆమెకు చదువు రాదు. ఏం రాసినవో చదువు టీచరమ్మా అంది. చదివాను. ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టుకుంటూ వింది.

"కిరాయికుండెటోళ్ళు ఏరి?"

"ఇల్లు వాళ్ళది కాదు కదా అక్కా."

"మోరీల చాయ్‌పత్తా, అన్నం పారబోసేది వాళ్ళు గుడ గద. మంచిది గాని, చర్చికి వోయేటోళ్ళు ఆదివారం పొద్దుగాల్ల నీకు యాడ దొరుకుతరు?"

మా గల్లీలో నాలుగు క్రైస్తవుల ఇళ్ళున్నాయి. ఆ రోజు ఆ ఇళ్ళకు తాళాలు ఉన్నాయని నేను గమనించాను కూడా. గమనించి, వీళ్ళకు శ్రద్ధ లేదనుకున్నాను.

"మోరీ తీసే అన్నను పిలిచిన్రా?" అంది చివరికి.

ఆయన ఆఫీసు మనిషి, ఆఫీసు చెప్పింది చేస్తాడు అన్నాను. ఆమె నవ్వింది. "ఆ మోరీల చెయ్యి వెట్టేది ఆయనొక్కడే. గాయన్నే ఇడిసి పెడితిరి." ఆ తర్వాత బట్టలు లెక్కపెట్టి ఇచ్చి, లేస్తూ, "నాకియ్యున్రి టీచరమ్మా, నేను పిలుస్త," అంది.

ఇక్కడ ఆమె సంగతి ఒకటి చెప్పాలి. మా గల్లీలో పెండ్లి అయినా, పురుడు అయినా, కొత్త ఇల్లు చొచ్చినా పిలుపులకు ఆమెను వెంట తీసుకుపోతారు. ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరి ఇంటికంటే ముందు ఎవరి ఇంటికి పోతే కోపం వస్తుంది, ఏ ఇంట్లో బొట్టు పెట్టాలి, ఏ ఇంట్లో నోటితో చెప్పి రావాలి, అంతా ఆమెకు నోటికి వచ్చు. పెండ్లివారు ఒక ఇల్లు మరిచిపోయినా ఆమె మరిచిపోదు. నేను పంచిన నోటీసు పిలవని పేరంటం లాంటిదని నాకు అప్పుడు కాస్త కాస్తగా తెలిసివచ్చింది.

రోజు కూడా ఆమే పెట్టింది. "ఆదివారం చర్చి, శుక్రవారం సాయిబులకు నమాజు. నాలుగో శనివారం పెడితె బ్యాంకులోళ్ళు గుడ ఇంట్లనే ఉంటరు." ముప్పై ఇళ్ళ టైంటేబుల్ వేసింది, నేనేమో బడి టైంటేబుళ్ళు వేసి మెప్పు పొందినదాన్ని.

మంగళవారం సాయంత్రం పిలుపులు మొదలుపెట్టింది. మొదట మా ఇంటికే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని గడపలో నిలబడి, నాకు బొట్టు పెట్టి, "టీచరమ్మా, శనివారం పొద్దుగాల్ల మోరీ పని వెట్టుకున్నం. మీరు రావాలె. ముందు నిలవడి చేయించాలె. మాటియ్యున్రి," అంది. సెక్రటరీని కదా, మొదటి పిలుపు నాకే దక్కిందని సంబరపడ్డాను. మాట ఇచ్చి, నేనూ వెంట వస్తానని చెప్పులు వేసుకున్నాను.

ఆ రెండు సాయంత్రాలు నేను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకోనిది నేర్చుకున్నాను. ఏ ఇంట్లోనూ ఆమె మీటింగుకు రండి అనలేదు. బండ తీయండి అని కూడా అనలేదు. ఇంటికో పని అప్పజెప్పింది. మేడ మీద కిరాయికి ఉండే ఇద్దరు నర్సులకు, "ఎవలకన్న దెబ్బ తాకితె కట్టు గట్టేది మీరే బిడ్డా, డ్యూటీ జూస్కోన్రి" అంది. గల్లీ నడుమ ఒకరితో ఒకరికి మాటల్లేని రెండిళ్ళున్నాయి, గోడ జాగా మీద వచ్చిన తగాదా. ఒకరికి గడ్డపార తెమ్మంది, ఇంకొకరికి తట్ట తెమ్మంది. ఒకరు తవ్వితే ఇంకొకరు ఎత్తాల్సిందే. నేను కిసుక్కున నవ్వబోతే నా చెయ్యి గిల్లింది.

క్రైస్తవుల ఇంటికి పోయినప్పుడు లోపల ప్రార్థన జరుగుతోంది. భరిణె కొంగున ముడివేసుకుని, ప్రార్థన అయ్యేదాకా బయటే నిలబడింది. ఆ ఇంటి పెద్దాయన తాపీ మేస్త్రీ. "తాతా, బండలు వలగకుంట లేపుడు ఈ గల్లీల నీకొక్కనికే తెలుసు. వలిగితె మల్ల ఎవ్వలు తీయనియ్యరు," అంది. ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, బండలు లేపి పక్కన పెట్టి, పూడిక తీశాక మళ్ళీ పరుస్తానని, ఈసారి కావాలంటే లేపుకునేట్టు పరుస్తానని అన్నాడు. ఆ ఒక్క మాట తర్వాతి ఇళ్ళల్లో సగం భయం తీసేసింది. చార్టు మీద ఆయనకు గుండ్రమే లేదు.

"అందరికీ పని చెప్తున్నావేం అక్కా?" అని దారిలో అడిగాను.

"ఊకె రమ్మంటె ఎవలొస్తరు టీచరమ్మా. నేను లేకుంటె ఆగుతది అనుకుంటె వస్తరు."

గురువారం పొద్దున మోరీ తీసే ఆయన కోసం ఇద్దరం మా గేటు దగ్గర నిలబడ్డాం. ఆయన నాకు కొత్తవాడేం కాదు. ఎండాకాలం అంతా వారానికి రెండుసార్లయినా మా గద్దె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాను. నా మంచితనం మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇస్త్రీ అక్క ఆయనను, "అన్నా, నీళ్ళు యాడ ఆగుతానయి?" అని అడిగింది. ఆయన నా వైపు చూడలేదు. చేతిలో కర్ర వైపు చూశాడు.

"చెప్పన్నా, ఏం గాదు."

"మేడం గద్దె కిందనే," అన్నాడు. "గద్దె గట్టిననాడు బరువు ఆగాల్నని మోరీ లోపట దిమ్మె వెట్టిన్రు. గాడ మోరీ సగం అయింది. కర్ర వోదు, చెయ్యి వోదు. చెత్తంత గాన్నే పడతది."

ఇన్నేళ్ళు చెప్పలేదేం తమ్మీ అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

"మీరు అడగలే మేడం. మజ్జిగిచ్చేది మీరు. మీ గద్దె మీద గూసోని తాక్కుంట, ఈ గద్దె తీసెయ్యున్రి అని ఎట్ల జెప్పాలె?"

నేను ఇస్త్రీ అక్క వైపు తిరిగాను. నీకు ముందే తెలుసా అని అడిగాను. తెలుసంది. కిందటేడే ఆయన చెప్పాడంది. మరి నాతో ఎందుకు అనలేదంటే తల వంచుకోలేదు, గొంతు తగ్గించలేదు.

"మీటింగుల జెప్తె నలుగుట్ల మీకు చిన్నతనం. ఇంట్ల జెప్తె, మీరు కాదంటె ఇగ గల్లీల ఎవ్వలు ఒప్పుకోరు. అందుకే ముందుగాల్ల మీ ఇంటికొచ్చి మాట దీసుకున్న. పెండ్లి పిలుపులల్ల గుడ అంతే టీచరమ్మా. ఎవలు అలుగుతరనుకుంటమో, ఆ ఇల్లు ముందు."

నిజం చెప్పొద్దూ, నేను అలిగాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మధ్యాహ్నం అన్నం సయించలేదు. నాకు బొట్టు పెట్టింది గౌరవంతో అనుకుంటే, బండ కింద దాక్కున్న దొంగను పట్టుకోవడానికా అని ఉడికిపోయాను. సాయంత్రానికి ఆ ఉడుకు దిగి, దాని అడుగున సిగ్గు తేలింది. దీపం కింద చీకటంటే ఇదే. ఆ అత్తను టేబుల్ మీద పట్టుకుని నిలబడ్డ రోజు, ఆమె మోకాళ్ళ దాకా వచ్చిన నీళ్ళు నా గద్దె దగ్గర నుంచే మళ్ళి వచ్చాయి. అది తెలిసి కూడా ఆమె ఏడాది పాటు నా బట్టలు ముడత లేకుండా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ముప్పై ఇళ్ళు తిరిగినా ఒక్క ఇంట్లో నా గద్దె ఊసు ఎత్తలేదు. నా పరువు నాకే అప్పజెప్పి, ఏం చేసుకుంటావో చేసుకో అంది. అట్లాంటి మనిషిని నేను ఇంకా చూడలేదు.

శనివారం ఆరింటికల్లా గల్లీలో జాతర. గడ్డపార ఇంటివాళ్ళు, తట్ట ఇంటివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పక్కపక్కన నిలబడ్డారు. నర్సులు దూది, పట్టీలు పట్టుకుని కుర్చీ వేసుకున్నారు. మేస్త్రీ తాత అందరి వైపు చూసి, ఎక్కడి నుంచి మొదలుపెడదామన్నాడు. మా ఇంటి ముందు నుంచి అన్నాను. సెక్రటరీ గారి ఆక్రమణ అని మా ఆయన గేటు దగ్గర గొణిగాడు, అది అందరికీ వినబడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గ్రానైటు పగలకుండా లేచింది. దిమ్మె మాత్రం సుత్తెతో కొట్టి తీయాల్సి వచ్చింది. మోరీ తీసే ఆయన దగ్గరుండి ఎక్కడ కొట్టాలో చూపించాడు. నా గద్దె లేచాక ఇక ఏ ఇంటిముందూ వాదన లేదు. సాయంత్రం మిషన్ వచ్చి పూడిక ఎత్తుకుపోయింది.

మిరుగు దాటిన నాలుగో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. కిటికీలో నుంచి మోరీని చూశాను. నిండుగా, కానీ గట్టు దాటకుండా పోతోంది. మనసు ఆగలేదు. గొడుగు వేసుకుని కింది కొసకు పోయాను. గది ముందు రోడ్డు తడిసి ఉందంతే. తలుపు తీసే ఉంది. లోపల నేల పొడిగా ఉంది. ఇస్త్రీ అక్క ఆ నేల మీదే చాప కూడా లేకుండా, కొంగు ముఖాన కప్పుకుని పడుకుని ఉంది. నేను పిలవబోయాను.

మంచంలో నుంచి అత్త ఎడమ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. మాట సరిగ్గా రాదు ఆమెకు, కూడదీసుకుని మెల్లగా అంది.

"లేపకు బిడ్డా. వానవడంగ ఇది కన్ను మూసుడు, ఇన్నేండ్లల్ల ఇయ్యాల్నే జూస్తాన్న."