బర్రెకు చదివిన రాజు కథ

మా చిన్నప్పుడు మా ఇంట్లో బర్రెకు కథలు చదివి వినిపించేవాళ్లం... నవ్వకండి, నిజమే!

గౌలిపురలో మాది పాలోళ్ల గల్లీ. మా మల్లి అనే బర్రెకు దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె ఓ పట్టాన చేపదు... చేపకపోతే పాలు దిగవు. మా అన్న యాదన్న దాని తల దగ్గర కూర్చుని, మెడ నిమురుతూ, అద్దెకు తెచ్చిన వారపత్రికలో సీరియల్ పైకి చదివేవాడు. ఆ గొంతు వింటే చాలు, మల్లి చేపేది. బాపు కింద కూర్చుని పాలు పిండేవాడు.

ఆ సీరియల్లో ఒక నల్లకోట రాజు. మహా మంత్రగాడు. కొడుక్కి మంత్రశక్తి అబ్బలేదని అందరి ముందు ఛీకొట్టి, కోటలోంచి వెళ్లగొడతాడు. ఆ రాజుకు లోపల ప్రేమ ఉందా, లేదా... మా గల్లీ పిల్లలందరికీ ఇదే పంచాయితీ.

ఒకరోజు బాపు ఊళ్లో లేడు. అన్నే పాలు పిండాలి. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని పిండుతున్నాడు. సరిగ్గా రాజు కొడుకును గెంటే ఘట్టం రాగానే చేతులు ఆగిపోయాయి. మల్లి ఒక్క తన్ను తన్నింది. నిండిన బకెట్ బోర్లా పడింది.

అదే టైంకి బాపు వచ్చాడు. పత్రిక తీసి పెంటకుప్పలోకి విసిరాడు.

"రాజులు, రాణులు నీకు బువ్వ పెడ్తరార?"

అన్నకు రోషం ఎక్కువ. "నీకు సదువొస్తే తెలుస్తుండె బాపు!" అనేశాడు.

గల్లీ అంతా విన్నది. బాపుకు అక్షరం ముక్క రాదు. ఆయన మొహం ఇప్పటికీ నాకు కళ్ల ముందే ఉంది... కోపం కాదు అది, దెబ్బ.

"నా గడప దిగు. మల్ల నీ మొకం సూపియ్యకు."

అన్న బహదూర్‌పురాలో మా మామ ఇంటికి వెళ్లిపోయాడు. ఇంట్లో ఎవరూ అన్న పేరెత్తడానికి లేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటే, పొగ అనేది.

నాలుగో రోజు బాపు నన్ను పిలిచాడు. "బిడ్డా, గా పుస్తకం తేపో. బర్రె చేపుతలేదు."

నాకు పదేళ్లు. శంకరన్న అద్దె పుస్తకాల దుకాణానికి పరిగెత్తాను. అలా వారం వారం నేనే చదివేదాన్ని. కానీ ఆ రాజు ఏమన్నా తక్కువవాడా... కొడుక్కి ఎవరూ నీళ్లు కూడా పోయొద్దని చాటింపు వేయించాడు! అధ్యాయం అయిపోగానే బాపు అడిగేవాడు, "గంతేనా? రాజు ఇంకేం అనలేదా?"

"లేదు బాపు."

మళ్లీ పాలు పిండడంలో పడేవాడు.

నాకు భయం పట్టుకుంది. ఈ రాజును చూసి బాపు ఇంకా గట్టిపడితే, అన్న ఇక ఎప్పటికీ ఇంటికి రాడు కదా! అందుకని ఒక సాయంత్రం తెగించాను. కళ్లు పేజీ మీదే పెట్టి, అందులో లేనిది చదివాను...

"రాజు రోజూ బురుజు ఎక్కి, కొడుకు వెళ్లిన దారి వైపు చూస్తూ నిలబడేవాడు. భటులు అడిగితే, వాన వస్తుందేమోనని చూస్తున్నా అనేవాడు."

బాపు చేతులు ఆగాయి.

"గా ముచ్చట పుస్తకంల లేదు బిడ్డా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చదువు రాని మనిషికి ఎలా తెలిసింది?

"పొద్దుగాల శంకరన్న దుకాణం కాడ ఆగి సదివిచ్చుకున్న" అన్నాడు, నా వైపు చూడకుండా.

సాయంత్రం దాకా ఆగలేక, పాల సైకిల్ రోడ్డు మీద ఆపి, మా బాపు... ఎవరినీ ఏదీ అడగని మా బాపు... 'నాకు సదువు రాదు, జర సదివి పెట్టు' అని నలుగురి మధ్య అడిగాడన్నమాట. ఏ మాట తన గుండెలో గుచ్చుకుందో ఆ మాటనే తన నోటితో చెప్పుకున్నాడు. అది ఎంత పెద్ద పనో నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. బాపు కండువాతో చేతులు తుడుచుకున్నాడు.

"ఏడ్వకు. పుస్తకంల లేకున్నా... రాజు గట్లనే సూసి ఉంటడు."

కొంచెం ఆగి, "రేపు మామ ఇంటికి పోయి మీ అన్నకు చెప్పు. బర్రె చేపుతలేదని" అన్నాడు.

బకెట్ చూశాను. నురగతో అంచు దాకా నిండి ఉంది.

మర్నాడు అన్న వచ్చి గడప అవతలే తల దించుకుని నిలబడ్డాడు. "తప్పయింది బాపు" అన్నాడు. బాపు వెనక్కి కూడా తిరగలేదు. "లోపలికి రా. నీ చెల్లె సక్కగ సదువుతలేదు" అన్నాడు, అంతే! అమ్మ మాత్రం ఆ రోజు పొయ్యి వెలిగించకుండానే ఏడ్చింది.

ఇప్పుడు ఆ గల్లీలో ఒక్క బర్రె లేదు... పాకెట్ పాలే. బాపు కూడా లేడు. మా అమ్మాయి లావుపాటి మాయాజాలం నవలలు చదువుతుంది. అందులోనూ ఒక కఠినమైన తండ్రి, ఒక వెలివేసిన కొడుకు. స్నేహితులతో ఫోన్లో ఒకటే లొల్లి. "ప్రేమ ఉంటే ఎక్కడో ఒకచోట రాసేవాళ్లు కదమ్మా, ఏ పేజీలో ఉందో చూపించు" అంటుంది.

నేనెక్కడని చూపించను...

మీ నాన్న నోరు తెరిచి ఒక్కసారి కూడా చెప్పనిది, మీకు ఎలా తెలిసిందో కింద రాయండి. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపిస్తా.