శ్యామల కట్టిన హౌసింగ్

శ్యామల కెనడాలోని మిల్టన్‌లో దిగిన ఏడాది ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. మహీధర్, రూప దంపతుల టౌన్‌హౌస్ కింద కూడా నలుగురు అమ్మాయిలు ఉండేవారు. వాళ్ళలో శ్యామలే పెద్దది, ఇరవై తొమ్మిదేళ్ళు. విజయవాడలో మెకానికల్ డిప్లొమా చేసింది. ఇక్కడ సీటు దొరికింది మాత్రం సప్లై చైన్ కోర్సులో. "ముందు వీసా రానీమ్మా, తర్వాత చూసుకోవచ్చు" అన్నారు కన్సల్టెన్సీ వాళ్ళు. సరేనంది. వారంలో మూడు రోజులు కాలేజీ, మిగతా రోజుల్లో వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేసే పని.

ఆమె పెరిగింది మేనమామ ఆంజనేయులు దగ్గర. ఆయనకి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. లారీ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉండే హౌసింగ్ విప్పి, లోపలి క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల పళ్ళు సరిగ్గా కలిసేలా మళ్ళీ కట్టడం ఆయన పని. బడి వదిలాక శ్యామల హోంవర్క్ అక్కడే చేసుకునేది. పళ్ళ మధ్య సందు సరిచేయడానికి షిమ్‌లని పల్చటి రేకులు వేస్తారు. ఏ షిమ్ ఎంత మందమో పన్నెండేళ్ళకే వేళ్ళతో తడిమి చెప్పేది. డిప్లొమా అయ్యాక నాలుగేళ్ళు ఆ షెడ్డులోనే పనిచేసింది.

మహీధర్‌ది హనుమకొండ. అమెరికా మీదుగా కెనడా వచ్చిన ఐటీ ఉద్యోగి, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా గరాజ్‌లో ఉన్న రెండు సీట్ల పాత కారు. వేసవిలో నెలకోసారి దాన్ని రేస్ ట్రాక్‌కి తీసుకెళ్ళి నాలుగు రౌండ్లు కొట్టి వచ్చేవాడు. సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. మలుపులోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే కారు ముందుకు ఉరకడం లేదు. లోపలివైపు వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరిగి పొగలు కక్కుతోంది. షాపులో చూపిస్తే వెనక చక్రాలు రెండింటికీ ఇంజన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్ మొత్తం మార్చాలన్నారు, పార్ట్ వచ్చేసరికి మార్చి అవుతుందన్నారు.

ఆయన ఈ సంగతి గరాజ్ ముందు నిలబడి రూపకి చెబుతుంటే, చెత్త డబ్బా తోసుకుంటూ వచ్చిన శ్యామల ఆగింది.

"మహీధర్ గారూ, వెనక రెండు చక్రాలూ పైకి లేపి ఒకదాన్ని చేత్తో తిప్పి చూశారా?"

"లేదమ్మా. ఎందుకు?"

"రెండోది ఎటు తిరుగుతుందో చూద్దామండి."

జాకీ పెట్టి లేపారు. గేరు న్యూట్రల్‌లో ఉంచి ఎడమ చక్రాన్ని ఆమె ముందుకు తిప్పింది. కుడి చక్రం అడ్డూ ఆపూ లేకుండా వెనక్కి తిరిగింది.

"మామూలు కారుకైతే ఇది సరేనండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, అందుకని దేన్ని దాని లెక్కన తిరగనిస్తుంది. మీదాంట్లో ఒక చక్రం ఒంటరిగా తిరిగిపోకుండా పట్టి ఉంచే ప్లేట్లుంటాయి. అవి అరిగినట్టున్నాయి. పళ్ళు బాగుంటే ప్లేట్లు మారిస్తే చాలు."

"నువ్వు చేసినవా ఈ పని ఇంతకుముందు?"

"లారీలవి చాలా కట్టాను. ప్లేట్లున్నది మాత్రం ఎప్పుడూ విప్పలేదండి."

ఆ చివరి మాట చెప్పింది గనకే మహీధర్ ఒప్పుకున్నాడని రూప తర్వాత అనేది.

అక్టోబరు శనివారాల్లో పని సాగింది. నల్లబడిన ఆయిల్ దించి, యాక్సిల్ రాడ్లు లాగి, హౌసింగ్‌ని ఇద్దరూ కలిసి కిందికి దింపారు. ప్లేట్లు అద్దంలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. పళ్ళకి ఎక్కడా దెబ్బ లేదు. కొత్త ప్లేట్లు వచ్చాక శ్యామల వాటిని ఆయిల్‌లో నానబెట్టి, మాన్యువల్‌లో బొమ్మ చూసుకుంటూ ఒకదాని మీద ఒకటి పేర్చింది. క్రౌన్‌ని కూర్చోబెట్టి, పళ్ళ మధ్య సందు ఎప్పటిలా చేత్తో ఊపి అంచనా కట్టి బోల్టులు బిగించింది.

హైవే మీదికి వెళ్ళొచ్చారు. కారు బాగానే లాగింది. మహీధర్ ముఖం వెలిగింది. శ్యామల మాత్రం, ఆయన యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనకనుంచి వచ్చే సన్నటి కూతే విన్నది. ఆయన చెవికి అది ఆనలేదు. చెప్పకపోతే ఆ శీతాకాలమంతా ఎవరికీ తెలిసేదీ కాదు. ఇంటి ముందు కారు ఆగగానే చెప్పేసింది.

"మళ్ళీ విప్పాలండి. తప్పు నాది. పళ్ళు సరిగ్గా కలవలేదు."

మహీధర్ ఇంజన్ ఆపి తాళం తీశాడు. "అట్లనా. సరే, వచ్చే శనివారం" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె మేనమామకి వీడియో కాల్ చేసింది. ఆయన అంతా విని, "లారీకి చేతి అంచనా సరిపోద్దే. కారు పళ్ళు సన్నం. సందు కొలిచే డయల్ గేజి పెట్టి చూశావా?" అన్నాడు.

"లేదు మావయ్యా."

"చేయి మీద నమ్మకం మంచిదే గానీ, నీకు అలవాటైన చోటే అది పనికొస్తది."

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. కాలేజీ ఆటోమోటివ్ ల్యాబ్‌కి వెళ్ళి, అక్కడి టెక్నీషియన్‌ని అడిగి గేజి తెచ్చింది. ఈసారి ఒక్కో షిమ్‌నీ కొలిచింది. పళ్ళకి పసుపురంగు పేస్టు పూసి తిప్పి, అచ్చు పంటి నడిమధ్యన పడేదాకా నాలుగుసార్లు విప్పి కట్టింది. మూడోసారికి విసుగొచ్చి రూప ఇచ్చిన టీ తాగకుండా చల్లారనిచ్చింది కూడా. నాలుగోసారి అచ్చు కుదిరింది.

కొత్త ప్లేట్లు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఆదివారం ఉదయం ట్రైన్ స్టేషన్ పార్కింగ్ ఖాళీగా ఉంటే, అక్కడ ఇరవై నిమిషాలు కారుని ఎనిమిది అంకెలా మెల్లగా తిప్పారు. కూత లేదు. తర్వాత ఆయిల్ మార్చి, మంచు పడకముందే కారుకి కవర్ కప్పేశారు.

మే నెలలో మహీధర్ ట్రాక్ మీదికి వెళ్ళాడు. రూపతో పాటు శ్యామల కూడా కంచె పక్కన నిలబడి చూసింది. మలుపు బయటికొచ్చేటప్పుడు కారు తడబడకుండా నిండుగా ముందుకు సాగింది. తారు మీద రెండు టైర్ల చారలూ సమానంగా పడ్డాయి. పక్కనున్న గ్వెల్ఫ్ ఊళ్ళో గేర్‌బాక్స్ షాపు నడిపే ఒక ముసలాయన కూడా ట్రాక్‌కి వచ్చాడు. డిఫరెన్షియల్ ఎవరు కట్టారని మహీధర్‌ని అడిగాడు. మహీధర్ శ్యామలని చూపించాడు. ముసలాయన ఆమెని అడిగింది ఒకే ప్రశ్న, మొదటిసారికే కుదిరిందా అని. ఆమె కుదరలేదని, ఎందుకు కుదరలేదో చెప్పింది.

సప్లై చైన్ కోర్సు శ్యామల మంచి మార్కులతోనే పూర్తిచేసింది. వర్క్ పర్మిట్ రాగానే గ్వెల్ఫ్‌లో ఆ ముసలాయన షాపులోనే అప్రెంటిస్‌గా చేరింది. ఇప్పుడు ఆమె బెంచి మీద రకరకాల డిఫరెన్షియల్స్ వరసగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళకి పేస్టు అచ్చు ఎలా చదవాలో ఆమే నేర్పుతుంది. ఒక్కోటి కుదరడానికి ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి రెండు. అక్కడెవరూ తొందరపెట్టరు.