తడి ఆకు

కుప్పంలో నేను పాఠాలు చెప్పే బడికి గుడుపల్లె నుంచి వచ్చే పిల్లల బట్టల్లో, వానాకాలం పొద్దుటిపూట, మల్బరీ ఆకు వాసన ఉంటుంది. పచ్చిగా, కాస్త వగరుగా ముక్కుకు తగిలితే చాలు, పుంగనూరు పక్కన మా ఊరి ఒంటిగది బడిలోకి వెళ్లిపోతాను.

అయిదు తరగతులకూ ఒక్కరే అయివారు. కురబలకోట నుంచి మదనపల్లె వచ్చి, అక్కడ మొదటి బస్సు పట్టుకొని, జేబునిండా వేయించిన చెనిక్కాయలతో దిగేవారు. ఆయన పాఠం చెప్పేది తక్కువ, ప్రశ్న ఇచ్చి ఊళ్లోకి పంపేది ఎక్కువ. ఉగాది ముందురోజు, ఓళిగల పిండి అంతసేపు ఎందుకు నానబెడతారో కనుక్కుని రమ్మంటే, బెల్లం ఉడికే వాసన వెంట ఇల్లిల్లూ తిరిగి, జవాబుతోపాటు కడుపూ నింపుకొని వచ్చేవాళ్లం. మా నాయనకు ఒళ్లు మండేది.

"పాఠం సెప్పకుండా పిలకాయల్ని ఊరిమీదికి తోల్తాండాడు. ఈయప్పకి జీతం యాల?"

ఒక ఏడు బడిలోనే వెదురు తట్టలో పట్టుపురుగులు పెంచాం. ఆకు వేసే వంతు నాది. అందరికంటే బాగా చూసుకోవాలని, అమ్మ ఆకుకూర కడిగినట్టే బోరింగు కింద కడిగి, నీళ్లు కారుతుండగానే పూటపూటా వేశాను. నాలుగు రోజులకు సగం పురుగులు మెత్తబడి నల్లగా చచ్చిపడున్నాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"యాల సచ్చినాయి అయివారూ?"

"నాకేం తెలుసు తల్లీ, కనుక్కోనిరా."

ఆయన మీద ఎంత కోపం వచ్చిందో! ఊళ్లో అడిగితే ఒకరు దిష్టి అన్నారు, ఒకరు పొగ అన్నారు. మూడోరోజు, పురుగులు పెంచే గంగమ్మవ్వ కొట్టంలో కూర్చుంటే, ఆమె వానలో తడిసిన ఆకును ఒక్కొక్కటే కొంగుతో తుడుస్తోంది.

"యాల తుడస్తాండావవ్వా?"

"తడాకు తింటే బతకవు గదమ్మా."

ఉరుక్కుంటూ వెళ్లి చెబితే, అయివారు మిగిలిన పురుగుల తట్టను మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఆ రోజు నా కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆయన పోయినప్పుడు కురబలకోట వెళ్లాను. ఇంటి వెనక పెద్ద కొట్టం. మూడు తరాలుగా పట్టుపురుగులే పెంచుతున్నారట.

ఇప్పుడు పిల్లలు సొంతంగా నేర్చుకోవాలని, టీచర్లమైన మమ్మల్ని శిక్షణలో రెండు రోజులు కూర్చోబెట్టి పాఠం చెబుతున్నారు. మా ఒంటిగది బడికి తాళం పడింది, గంగమ్మవ్వ కొట్టమూ లేదు.

మొన్న వాన పడుతుంటే, ఆ వాసన బట్టల పిల్ల ఒకతె లేచింది. "మేడమ్, మా ఇంట్లో పురుగులు సచ్చిపోతాండాయి, యాల..." ఆమె మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేశాను. చెప్పాల్సిన పాఠాల పోర్షన్ ఇంకా మిగిలి ఉంది మరి. ఆ పిల్ల రాసుకొని నోట్సు మూసేసింది.

అన్నీ తెలిసి, ఏడ్చే పిల్లను కళ్లెదుట పెట్టుకొని, ఆ మూడు రోజులు ఎట్లా ఊరుకున్నారో అడుగుదామంటే అయివారు లేరు.