కట్ల అక్క లైసెన్సు

మా చెల్లెలు కష్టపడి సాధించిన మొదటి విజయం సైకిలు తొక్కడం. అప్పటికి ఆమెకు నలభై ఒకటో ఏడు. పన్నెండు ఆదివారాలు, పాత గోదాము ముందున్న ఖాళీ జాగాలో, నేను వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తాను. తొమ్మిదిసార్లు పడింది. ఏడోసారి గడ్డం చీరుకుపోయి మూడు కుట్లు వేయాల్సి వచ్చింది. ఆ కుట్లకు కట్టు తనే మార్చుకునేది, అద్దం చూడకుండానే. పదమూడో ఆదివారం గోదాము చుట్టూ మూడు రౌండ్లు కొట్టి దిగి, "రేపట్నుంచి డ్యూటీకి దీనిమీదే పోతా. నువ్వింక ఇంట్లో కూర్చో అన్నయ్యా," అంది.

ఆమె డ్యూటీ మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు మార్చడం. అందుకే వీధుల్లో అందరికీ కట్ల అక్క. గొప్పకు చెప్పడం కాదు గానీ, ఈ లైసెన్సు గొడవ వచ్చేదాకా పదమూడేళ్ళలో ఒక్కరోజు నాగా లేదు. కాలు తీసేయాలని ఆస్పత్రిలో చెప్పిన ఇద్దరు ఈవేళ సొంత కాళ్ళ మీద నడుస్తున్నారు. ఒక ముసలావిడ నడుం మీద అరచేయంత పుండును ఏడు నెలల్లో మాన్పింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ రాస్తే తనకు కోపం వస్తుంది.

పోయిన ఏడు మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడే వాళ్ళ సేవా కేంద్రం ఆరుగురు కట్ల వాళ్ళకూ ఎలక్ట్రిక్ సైకిళ్ళు ఇచ్చింది. తొక్కకపోయినా నడుస్తుంది. సంతోషించాం. అయితే ఇరవై ఐదు కిలోమీటర్ల వేగం దాటదు. సైకిళ్ళు ఇచ్చినప్పుడే ఆఫీసు ఒక్కొక్కరికీ ఇళ్ళు పెంచింది. ఎనిమిది ఇళ్ళున్న మా చెల్లెలికి పదకొండయ్యాయి. చివరిది చెరువు గట్టు అవతల, ఒక ముసలి దర్జీ ఇల్లు. షుగరు వల్ల ఆయన ఎడమ పాదానికి పుండు. ఆమె అక్కడికి చేరేసరికి మూడయ్యేది. కట్టు తడిసి, పుండుకు అంటుకుపోయి ఉండేది.

"నీ సైకిలు కంటే నా కుంటికాలు నయం. నేనే ఎదురొస్తే సరిపోయేదమ్మాయ్," అనేవాడు దర్జీ.

"రా తాతా, మధ్యలో ఎక్కడో కలుసుకుందాం," అనేది ఈమె, నీళ్ళు పోసి కట్టు నానబెడుతూ.

సందులో మెకానిక్ ఒకడున్నాడు. హ్యాండిలు కింద నీలం వైరు చూపించి, "వేగాన్ని ఆపుతున్నది ఇదొక్కటే అక్కా. తీసేస్తే మీ బండికి రెక్కలే," అన్నాడు. తీయించింది. ఆమెను చూసి మిగతా ఐదుగురూ తీయించారు. దర్జీ ఇంటికి రెండింటికల్లా చేరడం మొదలైంది.

నాలుగు నెలలు గడిచాక వంతెన దగ్గర తనిఖీవాళ్ళు ఆపారు. వెనక చక్రాన్ని వేగం కొలిచే రోలరు మీద పెట్టి తిప్పారు.

"లైసెన్సు చూపించండమ్మా."

"సైకిలుకు లైసెన్సేంటండీ?"

"ఇరవై ఐదు దాటనంత వరకే ఇది సైకిలు. ఇక్కడ నలభై రెండు చూపిస్తోంది. అంటే మోటారు బండి. లైసెన్సు ఉండాలి, నంబరు ఉండాలి, హెల్మెట్టు ఉండాలి. వైరు ఎవరు తీశారు?"

మెకానిక్ పేరు చెబితే పోయేది. "నేనే తీయించాను," అంది.

ఆ అధికారి వెనక పెట్టె మూత తీసి దూది, కత్తెర, మందు సీసాలు చూసి బండి పట్టుకుపోకుండా వదిలేశాడు. రెండు నెలలు గడువిచ్చాడు. ఈలోపు లైసెన్సు తెచ్చుకుని బండిని మోటారు బండిగా రాయించుకోవాలి, లేదా వైరు తగిలించుకుని సైకిలుగానే ఉంచుకోవాలి. రెంటిలో ఏదీ చేయకపోతే బండి పోతుంది.

మిగతా ఐదుగురూ మర్నాడే వైర్లు తగిలించేసుకున్నారు. మళ్ళీ ఆలస్యాలు. చివరి ఇంటికి రోజు విడిచి రోజు వెళ్ళడం వాళ్ళలో వాళ్ళే అలవాటు చేసుకున్నారు. నేను వాళ్ళను తప్పుపట్టను, కాళ్ళు అందరికీ ఒకలాంటివే. ఈమెనూ అలాగే చేయమన్నాను.

"రోజు విడిచి రోజు కడితే దర్జీ తాత పాదం నిలవదన్నయ్యా. పైదాకా పోతుంది," అంది. అంతకు మించి వాదించలేదు. గడువు ఉన్నన్నాళ్ళూ తనూ వైరు తగిలించుకుని, తెల్లవారుజామున అయిదున్నరకే బయలుదేరి సాయంత్రం వచ్చేది. బకెట్టులో వేడినీళ్ళు పోసుకుని పాదాలు ముంచి కూర్చునేది. నేను లైసెన్సు పుస్తకంలో ప్రశ్నలు చదివేవాణ్ణి. ఊరి బడిలో అయిదో తరగతితో ఆపేసినా నా చదువు గట్టిదే, ఒక్క అక్షరం తడబడను. సగం ప్రశ్నలకు ఆమె కళ్ళు మూసుకునే జవాబు చెప్పేది. మిగతా సగానికి నిద్రపోయేది.

కంప్యూటరు పరీక్షలో ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. రోడ్డు మీద గాయపడ్డ మనిషి కనబడితే ముందు ఏం చేయాలన్నది పోయిన ప్రశ్న. ఫోన్ చేయాలని పుస్తకం అంటుంది. రక్తం ఆపాలని ఈమె పెట్టింది. "ఫోన్ మాట్లాడుతుంటే రక్తం ఆగుతుందా," అని ఇంటికొచ్చేదాకా సణిగింది.

అసలు కష్టం బండి నడిపే పరీక్షలో వచ్చింది. ఎనిమిది అంకె ఆకారంలో చక్కగా తిప్పింది. ఆ తర్వాత వరసగా మూడు గతుకులు. మొదటి గతుకు రాగానే ఎడమచేయి హ్యాండిలు వదిలి వెనక్కి పోయింది. సీసాలు పగలకుండా పదమూడేళ్ళు గతుకు గతుకుకీ వెనక పెట్టెను అదిమిపట్టిన చేయి అది.

"చేయి వెనక్కెందుకు పోయిందమ్మా?" అన్నాడు పరీక్షాధికారి.

"పెట్టె పట్టుకోడానికండీ."

"పెట్టె ఏదీ?"

తిరిగి చూసుకుంది. "ఇంట్లో ఉందండీ."

ఫెయిలు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళింది. దారంతా "చేయి తీయను, చేయి తీయను" అనుకుంటూనే ఉంది. రెండో గతుకు దగ్గర చేయి తన పని తాను చేసుకుపోయింది. రెండుసార్లు తప్పినవాళ్ళు పట్నంలోని శిక్షణ మైదానంలో పది రోజులు నేర్చుకుంటేనే మూడో పరీక్ష పెడతారట. బట్టలు సర్దుకుంటూ, "యాభై నాలుగేళ్ళ చేతికి కొత్త బుద్ధి ఎక్కడ నేర్పిస్తారు అన్నయ్యా," అంది. ఆ మాటలో నవ్వు లేదు.

పట్నంలో మా అమ్మాయి ఇంట్లో దిగింది. మేనత్త వచ్చిందని మా అమ్మాయి మంచం వేసి పెడితే, మొదటిరోజు చెప్పులతోనే పడుకుని నిద్రపోయిందట. ఇక్కడ ఆమె ఇళ్ళను మిగతా ఐదుగురూ పంచుకున్నారు. దర్జీ ఇల్లు వాళ్ళలో చిన్నదానికి పడింది. మొదటిరోజు ఆ పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చి, "బాబాయ్, అక్క ఒట్టు పెట్టించుకుని వెళ్ళింది. రోజూ కట్టాల్సిందేనంట. నా నడుం విరిగితే నాకెవరు కడతారో అడగండి," అంది. అన్నా రోజూ వెళ్ళింది.

మైదానంలో నేర్పేది ఒక కుర్ర టీచరమ్మ. ఆరు రోజులు మా చెల్లెలి చేతిని చూసి చూసి విసిగిపోయి, "పిన్నిగారూ, ఆ పెట్టెను ముందు కట్టుకోండి. కంటి ఎదురుగా ఉంటే చేయి వెతుక్కోదు," అందట. మా అమ్మాయి చేత చిన్న డబ్బా ఒకటి హ్యాండిలుకు కట్టించుకుని నడిపింది. చేయి కదల్లేదు. పదమూడేళ్ళుగా మాకెవరికీ ఈ ముక్క తట్టలేదు.

పదో రోజు ఫోన్ చేసింది. "పాసయ్యాను అన్నయ్యా."

మా ఇంట్లో లైసెన్సు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి తనేనని చెప్పాను. ఆ సంగతి మా వీధిలో కూడా చెప్పి వచ్చాను. ఆఫీసుకూ వెళ్ళి సూపర్వైజరుకు చెప్పాను. ఆయన చాలా సంతోషించి, గోడ మీద చార్టు చూపించాడు. ఆమె పేరు కింద పద్నాలుగు ఇళ్ళున్నాయి.

"ఇప్పుడు లైసెన్సు ఉంది కదండీ, బండికి నంబరు మేమే రాయిస్తున్నాం, వేగంగా వెళ్ళొచ్చు. అందుకని మూడు కలిపాం," అన్నాడు.

ఆ కబురు ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. ఆమె అడిగింది మాత్రం వేరే.

"దర్జీ తాత పాదం ఎలా ఉంది?"

"అంచులు గులాబీ రంగులోకి వచ్చాయట. చిన్నది రోజూ కడుతోంది."

"వాసన?"

"లేదంది."

"సరే అన్నయ్యా. కార్డు శుక్రవారం చేతికిస్తారు. ఆ తర్వాత రెండు రోజులు ఇక్కడే పడుకుంటా. విశ్రాంతికని పదమూడేళ్ళలో అడగని సెలవు అడుగుతున్నానని చెప్పు. వేగం తెచ్చుకున్నది తాత ఇంటికి వేళకు చేరడానికి. మూడిళ్ళు మొయ్యడానికి కాదు. పదకొండిళ్ళకే వస్తానని రాసివ్వు. నోటిమాటగా చెబితే మర్చిపోతారు."

రాసి ఇచ్చాను. సూపర్వైజరు చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నాడు. చార్టు మీద ఆ కొత్త మూడిళ్ళ పేర్లు నిన్నటి వరకు అలాగే ఉన్నాయి. నా కాగితంలో పదకొండిళ్ళేనన్న మాట, కింద నా సంతకం, ఆమె తిరిగి పనిలోకి వచ్చే తేదీ స్పష్టంగా ఉన్నాయి: ఈ నెల ఇరవై మూడు, సోమవారం.