హల్దీ అయింది, పసుపు కాలేదు

అది 2023వ సంవత్సరం, మాఘమాసపు పెళ్ళిళ్ళ రోజులు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, కోహ్కాలో మా ఇంటి ముందుగదిని పార్లరుగా మార్చుకుని నేను పని మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. మా కుటుంబంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. చదివింది బీఎస్సీ రసాయనశాస్త్రం. ఆ తరువాత రాయపూరులో ఆరు నెలలు గోళ్ళ సంరక్షణలో శిక్షణ పొందాను. ఆ చదువూ ఈ శిక్షణా కలిసి కూడా నన్ను ఒక పొరపాటు నుంచి కాపాడలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పని గురించి కొంత చెప్పాలి. గోళ్ళ రంగును సీసాలో చూసి ఎంచకూడదు. చర్మం అడుగున ఉండే ఛాయను మేము అండర్‌టోన్ అంటాము. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా కనిపిస్తే అది వెచ్చని ఛాయ, నీలంగా కనిపిస్తే చల్లని ఛాయ. ప్లాస్టిక్ గోళ్ళ మీద వేసి ఆరబెట్టిన నమూనా రంగులను స్వాచ్‌లు అంటాము. వాటిని వేలి మీద ఆనించి, ట్యూబులైటు కింద కాక గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడాలి. పండుగకు వేసుకునే రంగు వేరు, మర్నాడు ఉద్యోగానికి కూడా వేసుకుపోగల రంగు వేరు. ఆ రెండో రకాన్నే వేరబుల్ షేడ్ అంటారు. అడిగేవారు ఎక్కువ, కుదిరేవి తక్కువ.

సుజాత అడిగింది అటువంటి రంగే. నెహ్రూ నగర్‌లో ఉంటూ ఒక ప్రైవేటు పాఠశాలలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పే అమ్మాయి ఆమె. పెళ్ళి శుక్రవారం. బుధవారం మళ్ళీ విధుల్లో చేరాలి.

"దీదీ, మా ప్రిన్సిపల్ మేడమ్ గోళ్ళు చూస్తుంది. పెళ్ళి ఫోటోల్లో చెయ్యి బాగుండాలి, స్కూల్లో మాత్రం కంటికి కనిపించకూడదు. ఐసా కుఛ్ హై?"

అలాంటిది ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. ఆమెది వెచ్చని ఛాయ. నేను పదకొండు స్వాచ్‌లు చూసి, లేత పీచు రంగు కలిసిన ఒక న్యూడ్ షేడ్ ఎంచాను. చర్మంలో కలిసిపోయే రంగులను న్యూడ్ అంటారు. వేసేముందు, శిక్షణలో నేర్పినట్టే, తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న అడిగాను.

"హల్దీ హో గయీ?"

"హా దీదీ, కల్ హీ హో గయీ."

పసుపు లేత రంగు గోళ్ళను పాడుచేస్తుంది కాబట్టి హల్దీ అయ్యాకే గోళ్ళు చేయాలన్నది మాకు నేర్పిన నియమం. నేను అడిగాను, నిన్ననే అయిపోయిందని ఆమె చెప్పింది. జెల్ పాలిష్ వేసి, అంటే దీపం యంత్రంలో పెట్టి గట్టిపరిచే రంగు వేసి, గురువారం సాయంత్రం ఆమెను పంపించాను. చేతులు నిజంగానే అందంగా ఉన్నాయి.

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు సుజాత తల్లి సత్యవతి గారు ఫోన్ చేశారు.

"లావణ్యా, ఉన్నపళంగా రావాలమ్మా. పిల్ల గోళ్ళు పచ్చగా అయిపోనాయి. ఏటి రాసీసినావే తల్లీ?"

ఆ మాట వినగానే విషయం నాకు అర్థమైపోయింది. మన తెలుగు పెళ్ళిలో ముహూర్తం రోజు తెల్లవారుజామున మంగళస్నానం ఉంటుంది. నూనె, నలుగుపిండి, గిన్నెడు పసుపు. సుజాతకు హల్దీ అంటే రెండురోజుల ముందు స్నేహితురాళ్ళతో పసుపు రంగు లంగా వేసుకుని ఫోటోలు దిగిన వేడుక. అది అయిపోయిందనే ఆమె చెప్పింది. నేను ప్రశ్నను హిందీలో నేర్చుకుని హిందీలోనే అడిగాను. హల్దీ అన్నా పసుపే, అయినా మంగళస్నానపు పసుపు గురించి అడగనే లేదు. ఇద్దరమూ ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళమే.

స్కూటీ మీద వెళుతున్నంతసేపూ నన్ను భయపెట్టింది గోళ్ళ అందం కాదు. అంతకుముందటి వేసవిలో సుజాతకు కామెర్లు వచ్చాయి. అందువల్లే నిశ్చితార్థం రెండు నెలలు వాయిదా పడింది. పిల్ల పూర్తిగా కోలుకునేవరకు ఆగమని పట్టుబట్టినది పెళ్ళికొడుకు పెద్దమ్మ అప్పలనరసమ్మ గారు. పెళ్ళికూతురు కట్టుకోవలసిన చీర తీసుకుని ఆమే తొమ్మిది గంటలకు వస్తారని సత్యవతి గారు ఫోన్లోనే చెప్పారు. ముహూర్తం పది నలభైకి.

గదిలో సుజాత రెండు చేతులూ తువ్వాలులో దాచుకుని కూర్చుని ఉంది. తీసి చూపించింది. పది గోళ్ళూ ముదురు పసుపు. కొసల దగ్గర ఎర్రగా కూడా ఉంది.

"సబ్బెట్టి తోమీసినాను. ఇంకా ఎర్రగయిపోనాది," అన్నారు సత్యవతి గారు. "ఆవిడొచ్చి సూస్తే ఏటి సెప్పాలి? మళ్ళీ రక్తపరీక్ష సెయ్యించండంటే?"

"ఆంటీ, సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. అది పసుపేనని చెప్పడానికి అదే రుజువు. జబ్బయితే సబ్బుకు రంగు మారదు," అన్నాను. కాలేజీ ప్రయోగశాలలో పసుపు కాగితంతో చేసిన పరీక్ష అది.

సుజాత నమ్మలేదు. అప్పటికే అద్దం ముందు ఎన్నిసార్లు నిలబడిందో, కళ్ళు ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. కంటి తెల్లగుడ్డు రంగు తెలిసే స్థితి లేదు. అరచేతులు చూద్దామంటే అవీ పసుపే.

"పైన పసుపు సరే దీదీ. కింద ఏముందో? పోయినసారి కూడా మొదట ఎవరికీ తెలియలేదు. సచ్ బోలో, నిజం చెప్పు, నాకు మళ్ళీ వచ్చిందా?"

"నేను డాక్టరును కాను సుజాతా. అయితే రంగు తీసి ఒక గోరు చూపించగలను."

జెల్ పాలిష్ తుడిస్తే పోదు. పై పూతను ఆకురాయితో రుద్ది, ఎసిటోన్‌లో తడిపిన దూదిని గోరు మీద పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎడమచేతి చిటికెనవేలికి చుట్టాను. ఆ పదిహేను నిమిషాల్లో సత్యవతి గారు రెండుసార్లు కిటికీ దగ్గరకు వెళ్ళి వీధిలోకి చూసి వచ్చారు.

మధ్యలో నేను ఒప్పుకున్నాను. "తప్పు నాదే. మంగళస్నానం సంగతి అడిగి ఉండవలసింది."

"నన్ను అడిగినా తెలియదు దీదీ," అంది సుజాత. "మంగళస్నానం అంటే తలంటు అనుకున్నాను."

రేకు తీశాను. మెత్తబడిన రంగును పుల్లతో నెట్టాను. అడుగున గోరు గులాబీ రంగులో ఉంది. కొస నొక్కి వదిలితే తెల్లబడి, వెంటనే మళ్ళీ గులాబీ రంగుకు వచ్చింది. సుజాత ఆ గోటిని తానే మూడుసార్లు నొక్కి చూసుకుంది. తరువాత మిగతా తొమ్మిది వేళ్ళూ నా ముందు పెట్టింది.

ఇప్పుడు మరో ప్రశ్న. ఏ రంగు వేయాలి? ఇంకా తలంబ్రాలు ఉన్నాయి. తడి పసుపు కలిపిన బియ్యంలో రెండు చేతులూ మునుగుతాయి.

"ఎర్రదేసీ అమ్మా," అన్నారు సత్యవతి గారు. "పెళ్ళికూతురికి ఎరుపు కాక ఇంకేటి?"

"మమ్మీ, బుధవారం స్కూలు!"

"బుధవారం దాకా అత్తోరింట్లో ఉండాల కదే, స్కూల్లో కాదు."

ఈసారి స్వాచ్‌లను పగటి వెలుగులో చూసి ఊరుకోలేదు. మంగళస్నానపు గిన్నెలో మిగిలిన పసుపును తడిపి నాలుగు స్వాచ్‌ల మీద రుద్ది, రెండు నిమిషాలాగి తుడిచాను. పాలగులాబీ రంగు పచ్చబడి పాడయింది. లేత ఊదా బురద రంగుకు తిరిగింది. ఎరుపు నిలిచింది గానీ సుజాత తల అడ్డంగా ఊపింది. నాలుగోది ఇటుక పొడి కలిసినట్టుండే మట్టిగులాబీ. పసుపు తగిలాక అది చెడలేదు సరికదా, కొంచెం వెచ్చబడింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి "ఇది" అన్నారు.

రెండో పూత పూర్తయి, ఎడమచెయ్యి ఇంకా దీపం యంత్రంలో ఉండగానే తలుపు తెరుచుకుంది. అప్పలనరసమ్మ గారు పావుగంట ముందే వచ్చేశారు. చీర పళ్ళెం సత్యవతి గారి చేతిలో పెట్టారు.

"తలుపేసుకుని ఏటి సేస్తన్నారే? ఆ పెట్టేటి? సెయ్యి అందులో ఎందుకెట్టినావు?"

"రంగు ఆరడానికండీ," అన్నాను. సత్యవతి గారు నన్ను చూసి, ఏమీ చెప్పవద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

సుజాతే చెప్పింది. "పెద్దత్తయ్యా, పొద్దున్న గోళ్ళు పచ్చగా అయిపోయాయి. మళ్ళీ కామెర్లేమోనని భయమేసింది. పసుపట. దీదీ తీసి చూపించింది."

అప్పలనరసమ్మ గారు సుజాత గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పారు. బొటనవేలితో కింది రెప్పలు రెండూ లాగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎర్రగున్నాయి. ఏడిసినావు. పసుపు నేదు," అని రెప్పలు వదిలారు. "నానాగమన్నానని నామీద కోపమెట్టుకున్నారు మీరందరూ. మా తమ్ముడు పెళ్ళయి నెల తిరక్కండా కామెర్లతో పోనాడు. తగ్గిపోనాదని మాతో అబద్ధమాడి పీటల మీద కూకున్నాడు. నువ్వు సెప్పినావు. అది సాలు."

తరువాత యంత్రంలోంచి చెయ్యి తీయించి గోళ్ళు చూశారు. "ఇదేటి రంగు? ఎరుపూ కాదు, నలుపూ కాదు. బాగానే ఉంది. దీని పేరేటి?"

సీసా మీద ఆంగ్లంలో ఏదో పేరుంది. "ఇటుక గులాబీ అనుకోండి," అన్నాను.

"ఇటుకకి గులాబేటే!" అని ఆమె నవ్వారు. ఆ గదిలో ఆ ఉదయం వినిపించిన మొదటి నవ్వు అదే.

తలంబ్రాలు అయ్యేవరకు నేను పెళ్ళి పందిట్లోనే ఉండిపోయాను. సుజాత దోసిలి ఎత్తిన ప్రతిసారీ అందరూ ఆమె ముఖాన్ని చూశారు, నేను పది గోళ్ళను చూశాను. రంగు నిలిచింది.

ఈ అనుభవం తరువాత నా పద్ధతి మారింది. పెళ్ళికూతుళ్ళకు వేసే ప్రతి రంగునూ ముందుగా తడి పసుపులో పరీక్షిస్తాను. ఎంచుకునే స్వాచ్‌ల పక్కన ఒక చిన్న గిన్నె ఎప్పుడూ ఉంటుంది. ఒంట్లో ఎలా ఉంటోందని, ఈమధ్య ఏమైనా జబ్బు చేసిందా అని కూడా అడుగుతాను. గోళ్ళ మీద మనం వేసిన రంగు మనిషి ఆరోగ్యాన్ని దాచగలదు, లేని జబ్బును చూపించనూ గలదు. ఇది నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. ఇక పెళ్ళిలో చేతులకు పసుపు ఎప్పుడెప్పుడు తగులుతుందన్న ప్రశ్నను ఇక్కడే పుట్టిపెరిగిన అమ్మాయిలను అడిగితే, నాలుగుసార్లలో మూడుసార్లు వచ్చే సమాధానం ఒకటే, తెలియదని: "పతా నహీ, దీదీ." అందుకే ఇప్పుడు పెళ్ళికూతురు వచ్చి కూర్చోగానే నేను అడిగేది ఆమె ఫోను నంబరు కాదు, వాళ్ళమ్మది.