అన్నకు నచ్చని ఆల్బమ్

నా అభిమాన గాయని కొత్త ఆల్బమ్ వచ్చి రెండు నెలలైంది. ఎనిమిది పాటలు. తబలా లేదు, వయొలిన్ల గుంపు లేదు. ఒక వీణ, వయసు మళ్ళిన ఆమె గొంతు, అంతే. మధ్యలో ఆమె తీసుకున్న ఊపిరిని కూడా తుడిచివేయకుండా ఉంచారు. అభిమానుల వాట్సాప్ గ్రూపులో సగం మంది, ఇక పాడటం మానుకుంటే ఆమెకే మర్యాద అన్నారు. నేను మిగతా సగం తరఫున రోజూ వాదించాను. పదో తరగతి తప్పినవాణ్ణే అయినా తిరుత్తణి గ్రంథాలయంలో సంగీతం మీదున్న పుస్తకాలు తమిళంలోవీ, తెలుగులోవీ అన్నీ చదివాను. పైకి పోలేని గొంతు కిందికి దిగి అక్కడ ఏం వెతుక్కుంటుందో వినండి అని రాశాను.

నిజానికి నేను ఒప్పించాలనుకున్నది ఒక్క అన్ననే. ఆమె పాటలు నాకు అలవాటు చేసింది అన్న. ఆర్.కె.పేట దగ్గర మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి. ముప్పై ఏళ్ళుగా అన్న వాటి మధ్యే నిలబడి పనిచేస్తున్నాడు. ఆమె పాత పాటలు ఆ హోరును చీల్చుకొని వచ్చేవి. గొంతు పైకి లేచే చోట అన్న చేతిలోని నూలు కండెను ఎత్తి, వినమన్నట్టు నాకు చూపించేవాడు. ఏ ఆల్బమ్ అయినా అన్న బాగుందన్నాకే నాకు పూర్తిగా బాగుండేది.

ఇది మాత్రం షెడ్డులో పెట్టగానే ముఖం చిట్లించాడు.

"ఏందిరా ఇది? దోమ మాదిరి గుయ్యిమంటా ఉండాది."

"మగ్గాలు ఆపి వినన్నా."

"ఆపితే చీర నీ లైబ్రరీ నేస్తాదా?"

నెలకొకసారి మరమ్మతులకని పగలంతా కరెంటు ఆపుతారు. ఆ రోజు కోసం కాచుకున్నాను. మగ్గాలు ఆగాయి. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఫోను మధ్యలో పెట్టి నాలుగో పాట మొదలుపెట్టాను. అందులో మొదట వీణ కూడా ఉండదు. పక్కనున్న మనిషికి మాత్రమే చెబుతున్నట్టు ఆమె రెండు చరణాలు పాడుతుంది. కళ్ళు మూసుకున్నాను. మొదటి చరణం అయింది.

"పెట్టరా, ఇంకా ఏం చేస్తా ఉండావు?" అన్నాడు అన్న.

కళ్ళు తెరిచాను. అన్న ఫోను వైపే చూస్తున్నాడు. ఆమె పాడుతూనే ఉంది. శబ్దం పూర్తిగా పెంచాను.

"ఆ, ఇప్పుడొచ్చినాది" అని వంగి విన్నాడు. చివర్లో ఆమె గొంతును ఒక్కొక్క మెట్టే దించుతూ, ఊపిరిలో కలిపేస్తుంది. ఆల్బమ్ మొత్తంలో నాకు ప్రాణమైన చోటు అది. అది రాకముందే అన్న నిటారుగా కూర్చున్నాడు.

"అయిపోయినాదా?"

ఏళ్ళ తరబడి హోరులో పనిచేసేవాళ్ళకు తమకే తెలియకుండా వినికిడి తగ్గిపోతుందని గ్రంథాలయంలోనే చదివాను. నేను పనిచేసే నూలు అంగడికి వచ్చేవాళ్ళకు దాన్ని వింతగా చెప్పాను కూడా. వదిన రెండుసార్లు పిలిచినా పలకకపోతే మాత్రం, అన్నకు బిగువెక్కువని ఇంట్లో అందరితో కలిసి నవ్వాను.

నా ముఖం చూసి, తనకు పాట నచ్చలేదని దిగులుపడ్డాననుకున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడొద్దురా. వయసైపోతే ఎవురికైనా అంతే. ఆమె గొంతు పోయినాది, పాపం. పక్కనుండేవాళ్ళు చెప్పుండాల్సింది ఆమెకి."

"అవునన్నా" అన్నాను.

అన్న నా పెదవుల వైపు చూస్తున్నాడు. అదే మాట మళ్ళీ గట్టిగా అన్నాను.