తాతకు నేను నేర్పిన హైడ్రోఫోబియా

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా ఇంగ్లిష్ సార్ ఒకరోజు బోర్డు నిండా ఫోబియాలు రాశారు. గ్రీకు భాషలో 'ఫోబియా' అనే ఆ తోకకు భయమని అర్థమట. ముందు ఏ మాట తగిలిస్తే దానికి భయం. ఎత్తంటే భయమైతే ఆక్రోఫోబియా, సాలీడంటే భయమైతే అరాక్నోఫోబియా. వాటన్నిటినీ కాగితం మీద రాసుకొని, హన్మకొండలో మా ఇంటి వెనక అరుగు మీద కూర్చొని గట్టిగా వల్లించేదాన్ని. పక్కనే ఎండకు కూర్చొని బీడీ కాల్చే మా తాత వినేవాడు.

తాతది ధర్మసాగర్. సేద్యం మానేసి మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండేళ్లు. మా ఇంట్లో ఆయనకున్న కష్టం ఒక్కటే. చలికాలంలో కూడా రోజూ స్నానం చేయాలని అమ్మ పట్టు.

"మా ఊరి చెరువు నీళ్లే. ఆడున్నప్పుడు మంచిగనే ఉండె. గొట్టంల పడి ఈడికొచ్చినంక కరుస్తానయి," అనేవాడు.

ఒకరోజు నేను వల్లిస్తుంటే బీడీ ఆర్పి, "నీళ్లకు భయపడే బీమారి లేదా అండ్ల?" అని అడిగాడు.

"ఉన్నది తాతా. హైడ్రోఫోబియా."

నాలుగుసార్లు చెప్పించుకొని నోటికి పట్టించుకున్నాడు. పిచ్చికుక్క కరిచినవాళ్లకు ముదిరాక కనిపించే లక్షణం అదేనని సార్ చెప్పే ఉంటారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నానేమో.

మర్నాడు అమ్మ, "మామా, నీళ్లు కాగినయి" అంటే తాత మంచంలోనే ముడుచుకున్నాడు. "నాతోని కాదు బిడ్డా. నాకు హైడ్రోఫోబియా అయింది. నీళ్లు చూస్తెనే వణుకు వస్తాంది."

ఇంగ్లిష్ పేరున్న జబ్బంటే అమ్మకు గౌరవం. నుదురు ముట్టి చూసింది, మిరియాల చారు కాచింది, నాలుగు రోజులు స్నానం ఊసెత్తలేదు. నేను పుస్తకం అడ్డం పెట్టుకొని నవ్వాను.

ఐదో రోజు పొద్దున, దవాఖానలో నర్సుగా పనిచేసే, మేమంతా ఆపా అంటే అక్క అని పిలిచే పక్కింటామెను అమ్మ గోడ మీదుగా పిలిచింది. "ఆపా, హైడ్రోఫోబియాకు ఏం గోలి వెయ్యాలె? మా మామకు అయింది."

బట్టలు ఆరేస్తున్న ఆపా చెయ్యి ఆగిపోయింది. "కుక్క గిట్ల కరిచిందా?"

తాత రోజూ గల్లీ కుక్కకు రొట్టె ముక్కలు వేస్తాడు. పిక్క మీద ఎర్రటి గీత కూడా ఉంది. అది సైకిల్ పెడల్ గీరిందని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. రోజూ వేసుకునే బీపీ గోలి మింగడానికని నీళ్ల చెంబు అందుకోబోతే, నీళ్లు చూస్తే జబ్బు ఎక్కువవుతుందని అమ్మ లాగేసుకుంది. పది నిమిషాల్లో అందరం ఆటోలో ఉన్నాం. పిచ్చికుక్క కరిచి ఆ లక్షణం కనిపిస్తే ఇక మనిషి దక్కడని తెలిసిన ఆపా దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"ఏం బీమారి పెట్టినవే నాకు?" అన్నాడు తాత నా చెవిలో.

"నిజం చెప్తే అమ్మ చంపుతది తాతా."

"చెప్పకుంటె వీళ్లు చంపేటట్టున్నరు."

దవాఖానలో డాక్టరమ్మ గ్లాసుడు నీళ్లు తాత ముందు పెట్టింది. ఆయన గ్లాసును చూశాడు, నన్ను చూశాడు. తాగితే రేపటినుంచి స్నానం. తాగకపోతే ఏం చేస్తారో తెలియదు. చివరికి గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"ఇంకో గిలాసెడు ఉంటయా?"

"మీకు హైడ్రోఫోబియా అని ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

తాత నావైపు చూడనైనా చూడలేదు. "టీవీల చెప్పిన్రు మేడం."

ఆ అబద్ధం విన్నాక నాకు సిగ్గేసింది. "నేనే చెప్పిన," అన్నాను. మొత్తం చెప్పేశాను. డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది. అమ్మ నవ్వలేదు. ఆపా అయితే వారం రోజులు నాతో మాట్లాడలేదు. కుక్కతో రోజూ తిరుగుతాడు కాబట్టి ఎందుకైనా మంచిదని తాతకు సూదులు కూడా రాశారు.

ఆ చలికాలమంతా తాతకు నీళ్లు కాచే పని నాకు పడింది. ఒకరోజు రెండో బకెట్ తీసుకెళ్తే బాత్రూం తలుపు ఓరగా ఉంది. లోపల తాత ధోవతి, స్వెటర్, మఫ్లర్‌తో పీట మీద కూర్చొని, మగ్గుతో నీళ్లు ముంచి నేల మీద పోస్తున్నాడు, మధ్యమధ్యలో "హుహుహు" అంటూ. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

తలుపు దగ్గరికి వేశాను. వంటింట్లోంచి అమ్మ అడిగితే, తాత స్నానం చేస్తున్నాడని చెప్పాను.